బస్తర్‌లో మంచుకొండలు లేవు, మరి ఇంద్రావతి ఎందుకు ఎండుతోంది?

"హిమాలయాల్లో మంచు కరిగిపోతోందట కదండీ, మరి మన గోదావరి గతేం కాను?" ఈ ప్రశ్న నాకు చాలాసార్లు ఎదురైంది. అడిగినవాళ్ళు మూఢనమ్మకస్తులు కారు. సైన్సు పుస్తకాలు చదివేవాళ్ళు, బాబాల గుట్టు రట్టు చేసేవాళ్ళు, గ్రహణం రోజున వీధిలో నిలబడి అందరి ముందూ అన్నం తినేవాళ్ళు. అయినా ప్రశ్న మాత్రం తప్పు ప్రశ్న. గోదావరి పుట్టేది నాసిక్ దగ్గర త్ర్యంబకంలో, పడమటి కనుమల్లో. దాని ఉపనదులన్నీ పుట్టేది వానకొండల్లో. హిమానీనదం నుంచి కరిగి వచ్చే నీటిచుక్క ఒక్కటి కూడా గోదావరిలో లేదు.

తప్పు ప్రశ్న కదా అని వదిలేయడానికి లేదు, ఎందుకంటే దాని వెనక ఒక అలవాటుంది. 2019 వేసవిలో బస్తర్‌లో చిత్రకోట్ జలపాతం దాదాపు ఎండిపోయింది. వంద అడుగులకి కాస్త తక్కువ ఎత్తు నుంచి ఇంద్రావతి దూకే చోటు అది, వానాకాలంలో గుర్రపునాడా ఆకారంలో కొండ అంతా నీళ్ళే. ఆ నది ఎండినప్పుడు అందరూ చెప్పే కారణాలు రెండు. పెద్దవాళ్ళు దైవం అలిగిందంటారు. టీవీ చూసేవాళ్ళు "గ్లోబల్ వార్మింగ్ అండీ" అని నిట్టూరుస్తారు. మొదటి మాట వింటే మనకి నవ్వొస్తుంది. రెండోది వింటే తల ఊపుతాం. కానీ ఇంద్రావతి విషయంలో రెండూ చేసే పని ఒకటే. కారణాన్ని మన చేతికి అందనంత దూరం తీసుకెళ్ళి పెడతాయి. అలిగిన దేవతని ఎవరూ నిలదీయలేరు, కరుగుతున్న మంచునీ ఎవరూ నిలదీయలేరు. ఈలోగా నదిని అసలు ఎవరు ఎక్కడ మళ్ళించారో అడిగేవాడు ఉండడు.

కాబట్టి ఈ వ్యాసంలో మంచుకీ బస్తర్ నీళ్ళకీ ఉన్న సంబంధం ఎంతో, లేనిది ఎంతో చరిత్ర ప్రకారం తేల్చుకుందాం.

*బస్తర్ పొరుగున నిజంగానే మంచు ఉండేది*

1855లో విలియం, హెన్రీ అనే ఇద్దరు బ్లాన్‌ఫర్డ్ అన్నదమ్ములు ఇంగ్లండు నుంచి వచ్చి భారత భూగర్భ సర్వే శాఖలో చేరారు. వాళ్ళని మొదట పంపింది ఒరిస్సాలోని తాల్చేరు బొగ్గు ప్రాంతానికి. అక్కడ బొగ్గు పొరలకి అడుగున ఒక వింత పొర కనిపించింది. సన్నటి బురద గట్టిపడి రాయిగా మారింది. అందులో బండరాళ్ళు గుచ్చినట్టుగా ఉన్నాయి. పారే నీరు బండల్ని ఒకచోట, ఇసుకని ఒకచోట, బురదని ఇంకోచోట వేరుచేసి పోస్తుంది. ఇక్కడ అన్నీ కలగలిసి ఉన్నాయి. ఇది నీటి పని కాదు, మంచు మోసుకొచ్చి పడేసిందని 1856లో వాళ్ళు ప్రతిపాదించారు. ఎండకి మాడే ఒరిస్సాలో మంచేమిటని చాలామంది నమ్మలేదు.

నమ్మించిన సాక్ష్యం గోదావరి పరీవాహకంలోనే దొరికింది. 1870ల్లో ఫ్రాన్సిస్ ఫెడెన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు చాందా జిల్లాలో, అంటే నేటి చంద్రపూర్ జిల్లాలో, పెన్‌గంగ నది దగ్గర ఇరాయ్ అనే ఊళ్ళో ఒక రాతి నేల చూశాడు. అది నునుపుగా అరిగిపోయి ఉంది. దాని మీద ఒకే దిక్కుగా సాగిన గీతలున్నాయి. అడుగున రాళ్ళు కరుచుకుని జరిగే మంచు కింద నేలని గీకితే పడే గీతలవి. ఆల్ప్స్ కొండల్లో హిమానీనదం వెనక్కి తగ్గినచోట ఇప్పటికీ అలాంటివి కనిపిస్తాయి. ఇరాయ్‌లో అవి సుమారు 30 కోట్ల ఏళ్ళ నాటివి. అప్పుడు మన భూభాగం దక్షిణ ధ్రువానికి చాలా దగ్గరగా, గోండ్వానా అనే పెద్ద ఖండంలో ముక్కగా ఉండేది. తర్వాత వెగెనర్ ఖండాలు కదిలాయని వాదించినప్పుడు ఇలాంటి మంచు గుర్తులు ఆయనకి బలమైన ఆధారమయ్యాయి. మన సింగరేణి బొగ్గు ఉన్న గోదావరి లోయలో కూడా బొగ్గు పొరల కింద ఉన్నది ఈ తాల్చేరు పొరే.

అంటే బస్తర్‌కి ఇరుగుపొరుగున హిమానీనదాలు ఉండేవి. అవి తగ్గిపోయాయి కూడా. కానీ ఆ తగ్గడానికీ ఇవాళ్టి జగదల్‌పూర్ కుళాయికీ సంబంధం లేదు.

*మంచు చూసి వాన చెప్పిన మనిషి*

ఆ అన్నదమ్ముల్లో హెన్రీ తర్వాత భూగర్భ శాస్త్రం వదిలి వాతావరణం వైపు వచ్చాడు. 1875లో భారత వాతావరణ శాఖ పెట్టినప్పుడు దానికి మొదటి అధిపతి ఆయనే. మరుసటి ఏడే వానలు తప్పాయి. 1876-78 కరువు వచ్చింది. మన పెద్దవాళ్ళు ధాత కరువు అని చెప్పుకున్నది అదే. దక్షిణాదిలో లక్షల మంది పోయారు. ఆ కరువు తర్వాత ప్రభుత్వం బ్లాన్‌ఫర్డ్‌ని అడిగింది: వాన తప్పుతుందని ముందే చెప్పగలవా?

ఆయన లెక్కలు తీసి ఒక సంబంధం చూపించాడు. హిమాలయాల్లో చలికాలం, వసంతకాలం మంచు ఎక్కువ పడితే, ఆ తర్వాతి రుతుపవనం మైదానాల్లో బలహీనంగా ఉంటుందని 1884లో ప్రకటించాడు. దాని ఆధారంగా 1886 నుంచి ఏటా అధికారిక అంచనాలు మొదలయ్యాయి. ఊహ సబబుగానే ఉంది: మంచు కప్పిన నేల త్వరగా వేడెక్కదు, నేల వేడెక్కకపోతే సముద్రం మీది గాలిని లాగే బలం తగ్గుతుంది.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఒకటి, ఈ సంబంధం నీటి సంబంధం కాదు, గాలి సంబంధం. హిమాలయాల మంచు కరిగి బస్తర్‌కి రాదు, బస్తర్‌కి వచ్చే మేఘాల మీద కొంత ప్రభావం చూపుతుంది అంతే. రెండు, ఆ సంబంధం కూడా బ్లాన్‌ఫర్డ్ అనుకున్నంత గట్టిది కాదని తర్వాతి లెక్కల్లో తేలింది. 1904లో ఆ కుర్చీలోకి వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణిత శాస్త్రజ్ఞుడు. ఆయన ప్రపంచం నలుమూలల లెక్కలు పోగుచేసి, పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద గాలి ఒత్తిడి త్రాసు తట్టల్లా పైకీ కిందికీ ఊగడాన్ని పట్టుకున్నాడు. ఎల్ నినో గురించి ఇవాళ మనం మాట్లాడే మాటలకి పునాది అది. ఎంత పెద్దవాడు చెప్పినా కొత్త లెక్క వస్తే పాత సూత్రం పక్కకి జరగాలి. సైన్సుకీ శాస్త్రాలకీ తేడా అదే.

*2035 కథ*

ఇదే పాఠం మన కాలంలో ఇంకోసారి నేర్చుకోవాల్సి వచ్చింది. 2007లో ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ తన నాలుగో నివేదికలో హిమాలయ హిమానీనదాలు 2035 నాటికి, లేదా అంతకంటే ముందే మాయం కావచ్చని రాసింది. పత్రికలు అందుకున్నాయి. గంగ ఎండుతుంది, కోట్ల మందికి నీళ్ళుండవు అని శీర్షికలు పెట్టాయి.

ఆ అంకె ఎక్కడిది? ఐపీసీసీ చూపించిన ఆధారం 2005లో ఒక పర్యావరణ సంస్థ వేసిన నివేదిక. దానికి ఆధారం 1999లో ఒక సైన్సు వారపత్రికలో వచ్చిన వార్త. అంటే పరిశోధనా పత్రం కాదు, ఒకరు అన్నారని మరొకరు రాసిన మాట. అంతకు ముందు 1996లో రష్యా శాస్త్రజ్ఞుడు కోత్ల్యకోవ్ ధ్రువాల బయటి హిమానీనదాల గురించి వేసిన అంచనాలో ఉన్న సంవత్సరం 2350. మూడు వందల ఏళ్ళు చేతులు మారే దారిలో రాలిపోయాయి.

2009 నవంబరులో, జైరాం రమేశ్ పర్యావరణ మంత్రిగా ఉన్నప్పుడు, భూగర్భ సర్వే శాఖలో పనిచేసి రిటైరైన వి.కె. రైనా ఒక పత్రం ప్రచురించారు. హిమానీనదాలు తగ్గుతున్నాయి గానీ అన్నీ ఒకే వేగంతో కాదు, అంత తొందరగా మాయమయ్యే ఆధారం లేదన్నారు. ఐపీసీసీ అధ్యక్షుడు పచౌరీ దాన్ని 'వూడూ సైన్స్' అని కొట్టిపారేశారు. మూడు నెలలు తిరక్కుండానే, 2010 జనవరిలో, ఐపీసీసీ ఆ వాక్యం సరైన ఆధారం లేకుండా చేర్చిందని ఒప్పుకుని విచారం ప్రకటించింది.

దీన్ని పట్టుకుని "చూశారా, వాతావరణ మార్పంతా బూటకం" అన్నవాళ్ళున్నారు. మన హేతువాదుల్లో కూడా కొందరు ఆ ఊపులో కొట్టుకుపోయారు. అది ఇంకో తప్పు. ఆ అంకె తప్పని పట్టుకున్నది జ్యోతిష్కులు కాదు, చమురు కంపెనీలూ కాదు, మంచు మీద పనిచేసే శాస్త్రజ్ఞులే. ఆ శాస్త్రజ్ఞులే 2019లో కాఠ్మాండూలోని ఇసిమోడ్ సంస్థ ద్వారా, భూమి వేడిమి పెరుగుదలని 1.5 డిగ్రీల దగ్గర ఆపగలిగినా హిందూకుష్ హిమాలయాల మంచులో మూడో వంతు ఈ శతాబ్దం చివరికి పోతుందని చెప్పారు. 2023 నివేదికలో, 2011-2020 మధ్య మంచు పోయిన వేగం అంతకు ముందు దశాబ్దం కంటే 65 శాతం ఎక్కువని చూపించారు. 2035 అబద్ధం. కరగడం నిజం. రెండూ ఒకేసారి మనసులో పెట్టుకోగలిగినవాడే సంశయవాది.

*హిమానీనదం చేసే అసలు పని*

సరే, కరిగితే కింద ఉన్నవాళ్ళకి ఏమవుతుంది? దీన్ని కొలిచే పని చాలా ఓపికతో చేసేది. మన భూగర్భ సర్వే శాఖ హిమానీనదాల మూతులు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టడం 1906 నుంచే మొదలుపెట్టింది. 1935లో ఆడెన్ గంగోత్రి హిమానీనదం మూతిని పటం గీశాడు. ఇప్పటివాళ్ళు దాన్ని పక్కన పెట్టుకుని ఎంత వెనక్కి పోయిందో లెక్క కడతారు. హిమాచల్‌లోని ఛోటా శిగ్రీ మీద 2002 నుంచి ఏటా మంచుని తూకం వేస్తున్నట్టే లెక్క: మంచులోకి లోతుగా వెదురు గడలు దించి, మరుసటి ఏడాది ఎంత గడ బయటపడిందో చూస్తారు, పైభాగంలో గుంట తవ్వి ఎంత కొత్త మంచు చేరిందో చూస్తారు. జమా, ఖర్చు.

కింద నదిలో మంచు వాటా ఎంత? రూర్కీ జాతీయ జలశాస్త్ర సంస్థ పరిశోధకులు వేసిన లెక్కల్లో చీనాబ్‌కి అఖ్నూర్ దగ్గర ఏడాది నీటిలో సుమారు 49 శాతం, సట్లెజ్‌కి భాక్రా దగ్గర 59 శాతం, గంగకి దేవప్రయాగ దగ్గర 29 శాతం దాకా మంచు, హిమానీనదాల కరుగు నీరు. ఇందులో ఆ ఏడు పడి ఆ ఏడే కరిగే మంచు కూడా కలిసి ఉంది. కిందికి వచ్చేకొద్దీ వాన నీరు కలిసి ఈ వాటా పడిపోతుంది. కాబట్టి గంగ మొత్తంగా ఎండదు. సింధు నది మీద ఆధారపడ్డవాళ్ళకి కష్టం చాలా ఎక్కువ.

వాటా ఎంత అన్నదానికంటే, నీరు ఎప్పుడు వస్తుంది అన్నది ముఖ్యం. 2003లో యూరప్‌ని ఎండలు కాల్చేసినప్పుడు వాన నదులు సన్నగిల్లాయి. ఆల్ప్స్‌లో మంచు ఎక్కువగా ఉన్న లోయల్లో మాత్రం నదులు మామూలు కంటే నిండుగా పారాయి. హిమానీనదం కొత్తగా నీటిని పుట్టించదు. చలికాలం పడినదాన్ని దాచి ఎండాకాలంలో ఇస్తుంది, తడి ఏళ్ళలో దాచి పొడి ఏళ్ళలో ఇస్తుంది. కరగడం పెరిగినప్పుడు కొన్నాళ్ళు నదిలో నీళ్ళు పెరుగుతాయి కూడా. అది ఆస్తి అమ్ముకుని తినడం లాంటిది. నిల్వ తరిగాక ధార సన్నబడుతుంది. బొలీవియాలో చాకల్టాయా హిమానీనదం 2009లో పూర్తిగా మాయమైంది. అక్కడ ఆ ఖాతా మూసేశారు.

ఈ ముక్క గుర్తుపెట్టుకోండి: నది కింద బతికేవాడికి ఏడాది మొత్తం మీద ఎన్ని నీళ్ళు వచ్చాయన్నది కాదు ప్రశ్న. వైశాఖంలో ఎన్ని వచ్చాయన్నది. మంచు లేని బస్తర్‌కి హిమానీనద శాస్త్రం నేర్పే పాఠం ఇదొక్కటే, కానీ చాలా పెద్ద పాఠం.

*బస్తర్ గుహ చెప్పిన సాక్ష్యం*

బస్తర్‌లో పడే వానలో నూటికి ఎనభై పాళ్ళకి పైగా రుతుపవనాల నాలుగు నెలల్లోనే పడిపోతుంది. మిగతా ఎనిమిది నెలలు నదిలో పారేది నేల దాచిపెట్టుకున్న నీరు. అడవి మట్టి, పగుళ్ళున్న రాయి, ఊరి చెరువులు, ఇవే బస్తర్ హిమానీనదాలు. ఆ నిల్వలోకి జమ అయ్యేది వాన. మరి ఆ వాన పాతకాలంలో ఎలా ఉండేది? హిమానీనదం మీద అయితే మంచుని బోరు వేసి తీసి పొరలు చదువుతారు. బస్తర్‌లో చదవడానికి సున్నపురాయి గుహలున్నాయి.

జగదల్‌పూర్‌కి దక్షిణాన కాంగేర్ లోయలో దండక్ అనే గుహ ఉంది. కుటుంసర్ గుహకి వెళ్ళే యాత్రికులకి ఈ పేరు తెలియకపోవచ్చు. వాన నీరు పైన నేలలోంచి ఇంకి చుక్కలుగా పడుతుంటే గుహ నేల మీద సున్నపు స్తంభం పొర పొరగా పెరుగుతుంది. నీటిలో మామూలు ఆక్సిజన్‌తో పాటు కాస్త బరువైన ఆక్సిజన్ కూడా ఉంటుంది. ఇక్కడ బాగా వానలు పడిన కాలంలో ఆ బరువైనదాని పాలు తగ్గుతుంది, వానలు తగ్గితే పెరుగుతుంది. పొర వయసుని యురేనియం, థోరియం లెక్కతో తేలుస్తారు. ఆశిష్ సిన్హా, ఆయన సహచరులు దండక్ గుహ స్తంభాన్ని చదివి క్రీ.శ. 600 నుంచి 1500 దాకా తొమ్మిది వందల ఏళ్ళ రుతుపవనాల కథని 2007లో ప్రచురించారు. అందులో పద్నాలుగో శతాబ్దంలోనూ పదిహేనో శతాబ్దం మొదటి సగంలోనూ వానలు ఏళ్ళ తరబడి బలహీనపడ్డ కాలాలు కనిపించాయి. దక్కనులో దుర్గాదేవి కరువుగా చెప్పుకునే 1396-1407 కరువు ఆ కాలానిదే.

మన తెలుగువాళ్ళకి ఆ శతాబ్దం ఇంకో రకంగా తెలుసు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి పడిపోయింది. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమరాజు ఓరుగల్లు వదిలి బస్తర్ చేరి రాజ్యం పెట్టాడని దంతెవాడలోని 1703 నాటి శాసనం చెబుతుంది. దంతేశ్వరి దేవత అతని వెనక నడిచి వచ్చిందనీ, అందెల చప్పుడు ఆగేసరికి అతను వెనక్కి తిరిగాడనీ, అందుకని ఆమె అక్కడే నిలిచిపోయిందనీ కథ. ఏటి ఇసుకలో అందెలు కూరుకుపోయి చప్పుడు ఆగిందట. రాజవంశం అనేదానికి తన భూమి మీద హక్కు చూపించుకోవడానికి ఇలాంటి కథ కావాలి. దానితో నాకు పేచీ లేదు. కానీ ఆ రోజుల్లో బస్తర్‌లో వాన ఎలా పడిందో చెప్పేది శాసనం కాదు, దేవత కాదు, గుహలో పెరిగిన సున్నం. మనిషి చేయి పడకముందే, కార్ల పొగ రాకముందే, రుతుపవనం దశాబ్దాల పాటు చేయిచ్చేదని ఆ సున్నం చెబుతోంది. నిల్వ లేని ప్రాంతానికి అది ప్రాణాంతకం.

*అయితే 2019లో ఏమైంది?*

వాన తగ్గడం ఒక్కటే అయితే కథ ఇక్కడితో ఆపేయవచ్చు. కానీ ఇంద్రావతికి జమా ఖర్చుల పుస్తకం ఉంది. అది తెరిచి చూద్దాం.

ఇంద్రావతి ఒడిశాలో కలహండి జిల్లా థుయాముల్ రాంపూర్ కొండల్లో పుట్టి, నవరంగ్‌పూర్, కోరాపుట్ జిల్లాలు దాటి బస్తర్‌లో అడుగుపెడుతుంది. సుమారు 535 కిలోమీటర్లు నడిచి, బీజాపూర్ జిల్లా భద్రకాళి దగ్గర గోదావరిలో కలుస్తుంది. 

మొదటి ఖర్చు, ఎగువ ఇంద్రావతి ప్రాజెక్టు. నది మీద, దాని ఉపనదుల మీద ఒడిశా ఆనకట్టలు కట్టి, ఆ నీటిని సొరంగం గుండా ముఖిగుడాలోని 600 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రానికి దించింది. 2001 నాటికి అన్ని యూనిట్లూ పనిలోకి వచ్చాయి. కరెంటు తీసిన తర్వాత ఆ నీరు హాతీ నదిలోకి పోతుంది. హాతీ వెళ్ళి తేల్ నదిలో, తేల్ మహానదిలో కలుస్తాయి. అంటే అది గోదావరి పరీవాహకం నుంచే బయటికి పోయే నీరు. కలహండి రైతులకి అది పొలం నీరు. కరువుకి పేరుపడ్డ జిల్లా అది. వాళ్ళని దొంగలనడం అన్యాయం.

రెండో ఖర్చు, జోరా నాలా. ఒడిశా సరిహద్దు దగ్గర ఇంద్రావతి పక్కనుంచి పోయే వాగు ఇది. కొన్ని దశాబ్దాలుగా నదిలో ఇసుక మేట వేసి, వాలు మారి, ఇంద్రావతి నీరే ఎక్కువ ఎక్కువగా ఈ వాగులోకి తిరిగిపోతోంది. వాగు వెళ్ళి శబరిలో కలుస్తుంది. రెండు రాష్ట్రాలు ఏళ్ళ తరబడి మాట్లాడుకుని, నీరు చీలే చోట పంచడానికి కట్టడం కట్టించాయి. అయినా ఇసుక ఒకవైపు పేరుకుంటే నీరు రెండోవైపుకే జారుతుంది. ప్రతి వేసవిలోనూ ఆ ఇసుక ఎవరు తీయాలన్నదే పేచీ. 2025 వేసవిలోనూ ఇదే గొడవ జరిగింది. కథలో దేవతని ఆపింది ఇసుక, నదిని తిప్పుతున్నదీ ఇసుకే. కాకపోతే ఈ ఇసుకని పొక్లెయినుతో తీయవచ్చు.

ఇక ఒప్పందం. 1975 డిసెంబరులో మధ్యప్రదేశ్, ఒడిశా కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ఒడిశా సరిహద్దు దగ్గర ఏడాదికి 45 టీఎంసీల నీరు వదలాలి. నూటికి 75 ఏళ్ళలో దొరికే నీటి లెక్క మీద కట్టిన అంకె అది. నీరు తగ్గిన ఏడు లోటుని ఇద్దరూ పంచుకోవాలి. 1980 జులైలో తీర్పిచ్చిన బచావత్ ట్రిబ్యునల్ ఇలాంటి ఒప్పందాలన్నిటినీ తీర్పులో కలుపుకుంది. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక ఆ హక్కు దానికి వచ్చింది.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. కాగితం కలం తీసుకోండి. లక్ష క్యూసెక్కుల వరద ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. 45 టీఎంసీలు కావాలంటే అలాంటి వరద అయిదు రోజుల పైన కొన్ని గంటలు చాలు. అంటే శ్రావణంలో ఒక్క పెద్ద వరద వస్తే ఒప్పందం ఏడాది మొత్తానికీ తీరిపోయినట్టే. వైశాఖంలో చిత్రకోట్ దగ్గర బండలు తేలినా ఒప్పందం ఉల్లంఘించినట్టు కాదు. అదే 45 టీఎంసీలని ఏడాది పొడుగునా సమంగా పారిస్తే రోజూ సుమారు 1,400 క్యూసెక్కులు. ఒప్పందంలో ఉన్నది నీటి మొత్తం. లేనిది నీటి కాలం. హిమానీనదం ఎక్కడైతే పనిచేస్తుందో సరిగ్గా అక్కడ మన కాగితం ఖాళీగా ఉంది.

*మనకేమిటి?*

ఎక్కడో బస్తర్ కదా అనుకోకండి. జోరా నాలాలోకి పోయిన నీరు శబరి ద్వారా కూనవరం దగ్గర గోదావరిలోకే వస్తుంది. కాబట్టి కాటన్ 1852కల్లా పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆ మళ్ళింపు దాదాపు తెలియదు. కానీ ఇంద్రావతి గోదావరిలో కలిసేది కూనవరానికి చాలా పైన. ఏటూరునాగారం, భద్రాచలం ప్రాంతాలకి ఆ తేడా తగులుతుంది. హాతీలోకి పోయిన నీరైతే ధవళేశ్వరానికి కూడా రాదు. ఒకే నది, ఒకే వేసవి, మూడు చోట్ల మూడు సమాధానాలు. "వాతావరణం మారిందండీ" అన్న ఒక్క ముక్కలో ఇవేవీ ఇమడవు.

ఇంకో మాట. గోదావరి నీళ్ళని కావేరికి మళ్ళించే పథకం కాగితాల మీద, ఛత్తీస్‌గఢ్ ఇంకా వాడుకోని ఇంద్రావతి వాటాని మిగులుగా లెక్క కట్టారు. ఆ మిగులు ఎందుకుంది? బోధ్‌ఘాట్ ప్రాజెక్టుకి 1979లో శంకుస్థాపన చేశారు, అడవి మునుగుతుందని ఆగిపోయింది, 2020 నుంచి ఛత్తీస్‌గఢ్ మళ్ళీ ఆ మాట ఎత్తుతోంది. 1980ల్లో ఇంచంపల్లి, భోపాలపట్నం ఆనకట్టల్ని ఆదివాసులు, వాళ్ళతో బాబా ఆమ్టే ఎదిరించారు. ఆదివాసి గూడెం మునగలేదు కాబట్టి మిగిలిన నీళ్ళు అవి. వాటిని 'వృథాగా సముద్రంలో కలుస్తున్న నీరు' అని మనం ఇక్కడ కూర్చుని రాసుకుంటున్నాం. పైగా ఆ మిగులు వరద నెలల మిగులు, వేసవి మిగులు కాదు.

వాతావరణ మార్పు బస్తర్‌ని వదిలిపెడుతుందని నేననడం లేదు. వేడెక్కిన గాలి ఎక్కువ తేమ మోస్తుంది, మధ్య భారతంలో కుండపోత వానలు పెరిగాయని లెక్కలున్నాయి. కొద్ది రోజుల్లోనే వాన కుమ్మరిస్తే నేలలోకి ఇంకేది తక్కువ, పారిపోయేది ఎక్కువ. అంటే నిల్వ విలువ ఇంకా పెరుగుతుంది. కానీ అది ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఇంజనీర్లు తప్పించుకోవడానికి సాకు కాకూడదు.

మనం కరువొస్తే ప్రభుత్వ ఖర్చుతో వరుణయాగాలు చేయించిన రాష్ట్రం వాళ్ళం. అప్పుడు అభ్యంతరం చెప్పాం, బాగానే ఉంది. కానీ యాగం వద్దన్నవాళ్ళు దాని బదులు ఏం కావాలో కూడా చెప్పాలి. నేను అడిగేవి మూడు. సరిహద్దు దగ్గర ఇంద్రావతి నీటి కొలత ఏడాది మొత్తంగా కాదు, రోజువారీగా, ఎవరైనా చూసుకునేలా బయటపెట్టాలి. 45 టీఎంసీలని నెలల వారీగా విడగొట్టి, వేసవికి కనీస ధార ఎంతో కాగితం మీద రాయాలి. జోరా నాలా దగ్గర ఇసుక ఎప్పుడు, ఎవరు, ఎవరి ఖర్చుతో తీయాలో తేదీతో సహా తేల్చాలి. వీటికి ఐక్యరాజ్యసమితి అక్కర్లేదు, దంతేశ్వరి అనుగ్రహం అక్కర్లేదు.

ఐక్యరాజ్యసమితి 2025ని హిమానీనదాల రక్షణ సంవత్సరంగా జరిపింది. మంచిదే. హిమాలయాల కింద బతికేవాళ్ళకి అది చావుబతుకుల విషయం. ఈసారి ఎవరైనా "మంచు కరిగితే మన గోదావరి ఏమవుతుంది?" అని మిమ్మల్ని అడిగితే నవ్వకండి. గోదావరికి మంచు లేదని చెప్పండి. చెప్పి, బస్తర్ పటం తెచ్చి ఇంద్రావతి చీలే చోటు వేలితో చూపించండి.